మూడో నెలలో బొప్పాయి తిన్నాను, టెన్షన్‌గా ఉంది. అసలు ఏవి తినకూడదు?

నాగావళి_ఒడ్డు
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌను. నాకిప్పుడు పదకొండో వారం, తొలిచూలు. మొన్న గురువారం ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని పళ్ళు కోసి పెట్టారు. మాటల్లో పడి నాలుగు ముక్కలు తినేశాక చూసుకున్నాను, అది బొప్పాయి. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. "ఓలమ్మో, ఎంత పని సేసినావే!" అని ఆవిడ గుమ్మంలోనే కూలబడిపోయారు. మూడు రాత్రులుగా నిద్ర లేదు. కడుపులో కాస్త పట్టినట్టున్నా అదేనేమో అనిపిస్తోంది.

ఇంకో సంగతి. మా అత్తగారిది నరసన్నపేట వైపు, అమ్మవాళ్ళది విజయనగరం. ఇద్దరి లిస్టులూ కలవవు. అత్తగారి లెక్కలో బొప్పాయి, అనాస, నువ్వులు, పనస, వంకాయ, పీతలు కూడవు. అమ్మ లెక్కలో నువ్వుల చిమ్మిలి రోజుకొకటి తినాలి, కుంకుమపువ్వు పాలు తాగాలి, చల్లనివి ముట్టకూడదు. రెండూ పాటిస్తే నాకు మిగిలేది చారూ అన్నమే. డాక్టరమ్మను అడుగుదామంటే చూపించుకోవడానికి ఇంకా పది రోజులుంది. పోయినసారి బయట నలభై మంది కూర్చున్నారు. "అన్నీ తినొచ్చమ్మా" అని చీటీ రాసి పంపేశారు. అన్నీ అంటే ఏవన్నీ?

బొబ్బిలి_వీణ
ఆదివారం, రాత్రి 9:31

ముందు పడుకో చెల్లీ. బ్లీడింగ్ ఏమైనా ఉందా? ఆగి ఆగి గట్టిగా నొప్పి వస్తోందా? అవి లేకపోతే ఆ నాలుగు ముక్కలు ఈపాటికి అరిగిపోయాయి. నాకు ఇద్దరు పిల్లలు. రెండోసారి నెల తప్పిన సంగతి తెలియక వారం రోజులు పొద్దున్నే పండిన బొప్పాయే తిన్నాను. వాడిప్పుడు మూడో క్లాసు, గోడలెక్కుతున్నాడు.

నాగావళి_ఒడ్డు
ఆదివారం, రాత్రి 9:38

బ్లీడింగ్ ఏమీ లేదక్కా. నొప్పి కూడా అలాంటిది కాదు, గ్యాస్ పట్టినట్టు ఉంది అంతే.

గరివిడి_సిస్టర్
ఆదివారం, రాత్రి 10:05

నేను పద్నాలుగేళ్ళుగా ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుగా చేస్తున్నాను. బొప్పాయి ప్రశ్న లేకుండా ఒక్క నెలా గడవలేదు.

మన పెద్దవాళ్ళు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అయితే అది పచ్చికాయ సంగతి. పచ్చి బొప్పాయిని కోస్తే తెల్లటి పాలు కారతాయి కదా, ఆ పాలలో గర్భసంచిని బిగుసుకునేలా చేసే గుణం ఉంది. 2002లో ఎలుకల మీద చేసిన పరీక్ష ఒకటి అచ్చయింది. పండిన బొప్పాయి రసం ఇస్తే వాటికి ఏమీ కాలేదు, పచ్చికాయ పాలు తగిలిస్తే మాత్రం గర్భసంచి కండరం ముడుచుకుంది. కాయ పండేకొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి. అందుకని పచ్చికాయ కూర, పచ్చికాయ కోరు, సగం పండి గట్టిగా ఉన్న ముక్కలు వద్దు. బాగా మాగిన పండు నాలుగు ముక్కలు తిన్నందుకు భయపడక్కర్లేదు.

అనాస కూడా అంతే. అందులో గొడవ చేసే పదార్థం ఎక్కువగా కాడలోనూ మధ్య బొడ్డులోనూ ఉంటుంది. మనం తినే రెండు ముక్కలతో ఏమీ కాదు. వంకాయకి ఏ పాపమూ లేదు. కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు, మీ అమ్మగారి డబ్బులు మిగుల్తాయి. నువ్వులు మంచివి.

ఇప్పుడు నేను అడుగుతాను. మీ రెండు లిస్టుల్లోనూ నీళ్ళ మాట లేదేమిటమ్మా? మీరు ఆఫీసులో తాగేది ఏ నీళ్ళు? ఆ పళ్ళు ఏ కత్తితో కోశారు, ఎంతసేపు మూత లేకుండా పెట్టారు? నాకు భయమేసేవి అవి. వానాకాలం వస్తే పచ్చకామెర్ల కేసులు వస్తాయి. నీళ్ళ ద్వారా వచ్చే ఈ రకం కామెర్లు మామూలు మనిషికి రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. గర్భిణికి ఆఖరి మూడు నెలల్లో వస్తే అలా కాదు. నూటికి ఇరవై, పాతిక మంది దాకా ప్రాణం మీదికి వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. బొప్పాయితో అలాంటి లెక్క ఎక్కడా లేదు.

రాజాం_రవ్వదోశ
ఆదివారం, రాత్రి 10:22

మా ఆవిడకి ఐదో నెల. రోజూ పానీపూరీ అడుగుతోంది. వేవిళ్ళ కోరిక తీర్చకపోతే బిడ్డకి చెవిలో చీము పడుతుందని మా అమ్మ, తీరిస్తే ఏమవుతుందో అని నేను. మధ్యలో బండివాడు. ఏం చేయమంటారు?

గరివిడి_సిస్టర్
ఆదివారం, రాత్రి 10:30

చెవిలో చీము పడేది చెవిలో పాలు పోసుకున్నప్పుడు, పానీపూరీ తిననప్పుడు కాదు. పూరీలు, బఠాణీ కొనుక్కుని ఇంట్లో చేయండి. పుదీనా ఉప్పు నీళ్ళలో కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళతో పానీ కలపండి. బండి దగ్గర పూరీ వేడిగా ఉన్నా పానీ పచ్చి నీళ్ళే, అందులో ముంచేది ఒక్కటే చెయ్యి. చెరకు రసం, బండి మీద ఐసు, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

హోటల్ టిఫినులో చాలామంది గమనించనిది చట్నీ. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, దోశ పెనం మీద కాలుతుంది. కొబ్బరి చట్నీని మాత్రం పచ్చి నీళ్ళతో రుబ్బుతారు. జనం పెరిగేకొద్దీ ఇంకో చెంబుడు పోస్తారు. వేడి సాంబారు వేయించుకోండి.

చీపురుపల్లి_మామ్మ
సోమవారం, ఉదయం 6:10

మా మనవరాలు టైపు చేసి పెడుతోంది. నేను ఐదుగురిని కన్నాను, ఐదూ ఇంట్లోనే. మాకు ఈ లిస్టులు ఎవరు సెప్పినారమ్మా? మా అత్త సెప్పినాది. వేడి అన్నం తినమంది, పొరుగింట్లో తినొద్దంది, సంతలో ఏటీ కొనుక్కుని తినొద్దంది. నిన్న సిస్టరమ్మ రాసినది సదివించుకున్నాను. అదీ ఇదీ ఒకటే కదా?

ఒకటి మాత్రం నేను ఒప్పుకోను. ఏడో నెల దాటాక తిండి తగ్గించాలి. లేకపోతే బిడ్డ బలిసిపోయి కాన్పు కష్టమవుతుంది. ఇప్పటి గుంటలు తిని తిని ఆపరేషన్ల దాకా తెచ్చుకుంటున్నారు.

గరివిడి_సిస్టర్
సోమవారం, మధ్యాహ్నం 1:40

మామ్మగారూ, దండాలు. మీ అత్తగారు చెప్పిన మూడూ బంగారం లాంటి మాటలు, నేను జీతం తీసుకుని చెప్పేదీ అదే. తిండి తగ్గించడం దగ్గర మాత్రం మీతో గొడవ పడాల్సిందే. తల్లి తినడం తగ్గిస్తే ముందు తల్లి రక్తం తగ్గుతుంది. ఆపైన బిడ్డ బరువు రెండున్నర కిలోల కన్నా తక్కువకు పోతే, కాన్పు తేలికైందని మీరు సంతోషించేలోపు ఆ పిల్లను గాజు పెట్టెలో పెట్టాల్సి వస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకు మామూలు కన్నా 350 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే ఇంకో గుడ్డు, గ్లాసుడు పాలు, గుప్పెడు వేరుశనగలు, ఒక అరటిపండు. ఇద్దరి తిండీ తినమని నేనూ చెప్పను. మామూలు బరువున్న మనిషి తొమ్మిది నెలల్లో పది పన్నెండు కిలోలు పెరగాలి.

బిడ్డ మరీ పెద్దదవడానికి కారణం తరచుగా సుగరు. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తాం. 140 వచ్చిందంటే అప్పుడు అన్నం, స్వీట్లు, పనసతొనలు లెక్కపెట్టుకోవాలి.

చీపురుపల్లి_మామ్మ
సోమవారం, మధ్యాహ్నం 3:15

మా మూడోది పుట్టినప్పుడు పిల్లిపిల్లంత ఉండేది. నెల దాకా దూదిలో పెట్టినాము. సరేలే, మీరు సదువుకున్నోరు.

కళింగపట్నం_కోడలు
సోమవారం, సాయంత్రం 5:20

చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. మా మావయ్యగారు నలభై ఏళ్ళు వేటకెళ్ళిన మనిషి. నాకు కడుపు వచ్చిందని తెలిసిన మర్నాడే కోనాం పెద్దది తెచ్చి పులుసు పెట్టించారు. డాక్టరేమో "చేప మంచిదే, పెద్ద చేప వద్దు" అన్నారు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. సముద్రంలో ఉండే పాదరసం చిన్న చేప ఒంట్లో కొద్దిగా చేరుతుంది. దాన్ని తిన్న పెద్ద చేపలో అది పోగవుతుంది. ఎన్నేళ్ళు బతికితే అంత ఎక్కువ. అది బిడ్డ మెదడుకి మంచిది కాదు.

కాబట్టి సొర, కొమ్ముకోనాం గర్భంతో ఉన్నప్పుడు పూర్తిగా మానేయాలి. పెద్ద కోనాం, పెద్ద సూర లాంటివి కూడా నేను పక్కన పెట్టేశాను. నెత్తళ్ళు, కవ్వళ్ళు, కానాగంతలు, రొయ్యలు వారానికి రెండు మూడు సార్లు తిన్నాను. నెత్తళ్ళు చిన్నవి, ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా. మా ఊళ్ళో అవి చవక, కోనాం ఖరీదు. అంటే మంచిదే మనకి చవగ్గా దొరుకుతోంది.

బాలింతకి పాలు పడాలని సొరపుట్టు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పాలిచ్చే వాళ్ళూ సొర తగ్గించడమే మంచిదట. మా అత్తగారితో దీని మీద వారం రోజులు నడిచింది. చివరికి కానాగంతలతో పుట్టు చేశారు. రుచి సొరపుట్టులా లేదు కానీ బాగుంది.

కానాగంతలకి ఒక్క జాగ్రత్త. ఎండలో ఐసు లేకుండా ఉన్నవి కొనకండి. తిన్న గంటలో ఒళ్ళంతా ఎర్రబడి దద్దుర్లు, తలపోటు వస్తాయి. వండినా ఆ విషం పోదు. మొప్ప ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి ఉండాలి, నొక్కితే సొట్ట నిలవకూడదు.

నాగావళి_ఒడ్డు
సోమవారం, సాయంత్రం 6:02

మరి పీతలు? అత్తగారు పీతల దగ్గర చాలా గట్టిగా ఉన్నారు. బిడ్డ పీతలా పక్కకి నడుస్తుందట.

కళింగపట్నం_కోడలు
సోమవారం, సాయంత్రం 6:15

అయితే మా ఊళ్ళో ఒక్కరూ తిన్నగా నడవకూడదు. బతికున్న పీత తెచ్చుకుని బాగా ఉడికించి తినండి. చచ్చిన పీత ఎవరూ తినకూడదు, కడుపుతో ఉన్నా లేకున్నా.

కోట_జంక్షన్
సోమవారం, రాత్రి 8:45

నేను హోమ్ సైన్స్ చదివాను, విజయనగరంలో పాఠాలు చెప్తాను. అందరూ సముద్రం, సంత మీద పడ్డారు. నేను మీ ఫ్రిజ్ మీద పడతాను.

లిస్టీరియా అని ఒక సూక్ష్మజీవి ఉంది. మిగతావి చల్లదనానికి ముడుచుకుపోతాయి, ఇది ఫ్రిజ్‌లో కూడా నింపాదిగా పెరుగుతుంది. గర్భిణులకు ఇది సోకే అవకాశం ఇతరులకన్నా పది రెట్లు ఎక్కువ. పోనీ వస్తే పెద్ద లక్షణాలు ఉంటాయా అంటే, కొంచెం జ్వరం, ఒళ్ళు నొప్పులు. "ఫ్లూలే" అని ఊరుకుంటారు, లోపల బిడ్డకు ప్రమాదం జరిగిపోతుంది. ఇది పచ్చి పాలలో ఉండొచ్చు, పచ్చి పాలతో చేసిన మెత్తటి చీజులో, ప్యాకెట్లో వచ్చే సాసేజి ముక్కల్లో ఉండొచ్చు. మరిగిస్తే చస్తుంది. పాడి ఉన్న ఇళ్ళలో నురుగు పాలు పితికినవి పితికినట్టు తాగించడం బలం అనుకుంటారు. ఆ పని చేయకండి. పొంగు రానివ్వండి. జున్ను పాలైనా అంతే, మధ్యలో జారుగా లేకుండా గట్టిపడేదాకా ఆవిరి మీద ఉడకాలి.

గుడ్డు రోజూ తినండి, పచ్చసొన గట్టిగా ఉడికింది మాత్రమే. హాఫ్ బాయిల్ వద్దు. బర్గర్లలో, మోమోలతో ఇచ్చే తెల్ల మయొనైజ్ పచ్చి గుడ్డుతో చేస్తారు. 2024 అక్టోబరు ఆఖరున తెలంగాణలో దాన్ని ఏడాదిపాటు నిషేధించారు, ఊరికే కాదు. మాంసం లోపల ఎర్రదనం పోవాలి. "రక్తం పడుతుంది" అని మేక కార్జం రోజూ పెట్టే ఇళ్ళు చూశాను. కార్జంలో ఇనుము నిజమే, విటమిన్ ఏ మరీ ఎక్కువ. మొదటి మూడు నెలలు దాని జోలికి పోకండి. తర్వాత కూడా డాక్టరుని అడిగాకే.

ఇంకొకటి చెబితే కోప్పడతారు. మొలకలు. ఆరోగ్యమని పచ్చి పెసర మొలకలు నిమ్మకాయ పిండుకుని తింటారు. తడి, వెచ్చదనం, రెండు రోజులు. క్రిములు పెరగడానికి అంతకంటే మంచి చోటు నేనైతే కట్టలేను. ఆవిరి పట్టి తినండి.

రాజాం_రవ్వదోశ
సోమవారం, రాత్రి 9:00

మా ఫ్రిజ్‌లో మూడు రోజుల సాంబారు ఉంది. ఇప్పుడే పారబోశాను. అమ్మకి చెప్పకండి.

బొబ్బిలి_వీణ
సోమవారం, రాత్రి 9:14

నాకొక సందేహం. మా ఇంట్లో వేసవిలో తరవాణి పెడతారు. కుండలో గంజి, అన్నం పులవబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో చద్దన్నం. కడుపుతో ఉన్నప్పుడు నేను తిన్నాను, ఒంటికి చలవగా ఉండేది. ఇప్పుడు మా ఆడపడుచు అడుగుతోంది, తినొచ్చా అని. ఫ్రిజ్‌లో పెట్టిందే తప్పయితే బయట పులిసినది ఇంకా తప్పు కదా?

కోట_జంక్షన్
సోమవారం, రాత్రి 9:50

మంచి ప్రశ్న. దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేను.

సరిగ్గా పులిసిన దానిలో పులుపు ఉంటుంది. ఆ పులుపు చాలా చెడ్డ క్రిములను పెరగనివ్వదు. రోజూ వాడే కుండ, కాచిన నీళ్ళు, అన్నం వార్చిన కాసేపటికే పులవడానికి వేయడం, ఇవన్నీ కుదిరిన ఇంట్లో తరాలుగా నడుస్తోంది. నాకు అసలు భయం పులవని చద్ది మీద. రాత్రి వండిన అన్నం గట్టు మీద మూతేసి వదిలేసి, పొద్దున్నే పులిహోర కలిపేస్తారు చూడండి, అది. బియ్యంలో ఉండే ఒక క్రిమి విత్తనాలు ఉడికినా చావవు, గోరువెచ్చటి అన్నంలో మళ్ళీ మొలుస్తాయి, విషం వదులుతాయి. తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. మన ఎండలకి వండినది గంట, మహా అయితే రెండు గంటలు. ఆ తర్వాత తినడమో ఫ్రిజ్‌లోకి తోయడమో.

నేనైతే గర్భిణికి తరవాణి బదులు చోడి (రాగి) అంబలి పెడతాను. పిండి పులిసినా చివరికి నూకతో కలిపి ఉడికిస్తాం. పైగా వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైన కాల్షియం ఉంటుంది. చలవ కావాలంటే చల్లార్చి మజ్జిగ కలుపుకోవచ్చు.

ఉద్దానం_కొబ్బరి
మంగళవారం, ఉదయం 7:30

నీళ్ళ గురించి సిస్టర్ గారు రాసింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11, నాకు ఏడో నెల. తెల్లారేసరికి మా కొబ్బరి తోటలో చెట్లు వరసగా పడి ఉన్నాయి. కరెంటు లేదు, మోటార్లు లేవు, ట్యాంకు ఖాళీ. బావిలోకి వరద నీరు దిగింది. మా ఆయన చేసిన మొదటి పని, పడిన చెట్ల బోండాలన్నీ ఏరి పెరట్లో పోగు పెట్టడం. నాకు నాలుగు రోజులు తాగడానికి అవే నీళ్ళు. వంటకి మాత్రం బావి నీళ్ళు గుడ్డతో వడకట్టి, పడిన కొమ్మలే కట్టెలుగా పెట్టి తెర్ల కాచేవాళ్ళం. నీళ్ళ లారీ వచ్చాక కూడా కాచడం మానలేదు. మా వీధిలో విరేచనాలు పట్టుకున్నాయి, మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. కారణం ఇదీ అని తేలలేదు. కడుపుతో ఉన్న మా చుట్టాల అమ్మాయి భయపడి రోజుకు రెండు గ్లాసులే తాగేది, నీళ్ళలోనే ఏదో ఉందని. డాక్టరు తిట్టారు. నీళ్ళు తక్కువైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అది ఇంకా చెడ్డది. హిరమండలం నుంచి పైపు నీళ్ళు వచ్చాక కాస్త ధైర్యంగా తాగుతోంది. ఉద్దానం ఆడపిల్లలకి నేను చెప్పేది ఒకటే, మొదటి చెకప్‌లోనే బీపీతో పాటు మూత్రం పరీక్ష, కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్త పరీక్ష అడగండి. నడుం నొప్పని షాపులో మాత్ర కొని మింగొద్దు.

నాగావళి_ఒడ్డు
మంగళవారం, ఉదయం 8:05

ఆఫీసులో మాకు 20 లీటర్ల క్యాన్ వస్తుంది. అది మంచిదే కదా?

గరివిడి_సిస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:15

మంచి ప్లాంటుదైతే మంచిదే. క్యాను ఎప్పుడు కడిగారో, కుళాయికి పాచి పట్టిందో ఎవరు చూస్తారు? ఇంటి నుంచి కాచిన నీళ్ళు స్టీలు సీసాలో పట్టుకెళ్ళండి. బుడగలు గట్టిగా వచ్చాక ఒక నిమిషం మరిగితే చాలు, అరగంట కాచక్కర్లేదు. చల్లార్చాక చెయ్యి ముంచకుండా వంచుకోవాలి.

ప్రకృతి_బాట
మంగళవారం, మధ్యాహ్నం 2:20

ఇంగ్లీషు మందుల వాళ్ళు భయపెడుతున్నారు. గర్భిణికి ఉదయాన్నే ఈత కల్లు అరగ్లాసు తాగిస్తే ఒళ్ళు చలవ చేస్తుంది, విటమిన్లు. తొమ్మిదో నెలలో ఆముదం పట్టిస్తే కాన్పు సులువు. మా దగ్గర బలం కషాయం కూడా ఉంది, కావలసినవారు అడగండి.

గరివిడి_సిస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 2:41

కల్లు పొద్దున దించినా సారాయే. చెట్టు మీదే పులవడం మొదలవుతుంది. గర్భంలో ఇంత తాగితే పరవాలేదు అనే కొలత సారాకి లేదు. ఆముదంతో విరేచనాలు పట్టుకుని నీరసపడి, నొప్పులు గాడి తప్పి వచ్చిన వాళ్ళను 108లో ఎక్కించాను నేను. లోపల ఏముందో రాయని కషాయం సీసా ఎవరికీ అమ్మకండి. మళ్ళీ ఇలాంటిది రాస్తే ఊరుకోను.

చీపురుపల్లి_మామ్మ
మంగళవారం, సాయంత్రం 4:00

ఆముదం మాట నిజమే, నాకు నాలుగోదానికి పట్టించినారు. సచ్చి బతికినాను. వద్దు. అడ్డపొగ మాట కూడా ఎవరైనా రాయండమ్మా. మా ఈడోళ్ళం సుట్ట నిప్పు నోట్లో ఎట్టుకుని కాల్సీవాళ్ళం. కోడలు పక్కనే కూకునేది.

గరివిడి_సిస్టర్
మంగళవారం, సాయంత్రం 4:30

మీరే రాసేశారు మామ్మగారూ, మీ అంత బాగా నేను చెప్పలేను. చుట్ట, ఖైనీ, గుట్కా, పక్కవాళ్ళ పొగ, అన్నీ బిడ్డ బరువు తగ్గించేవే.

ఊరు_పేరు_వద్దు
మంగళవారం, రాత్రి 11:20

ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు ఆరో నెల. పచ్చి బియ్యం నమలకుండా ఉండలేకపోతున్నాను. వాన పడితే గోడ మట్టి వాసనకి నోరూరుతుంది, రెండుసార్లు తిన్నాను కూడా. సుద్దముక్కలు బ్యాగులో పెట్టుకుంటున్నాను. నాకు పిచ్చా?

గరివిడి_సిస్టర్
బుధవారం, ఉదయం 6:40

పిచ్చి కాదు తల్లీ. ఒంట్లో ఇనుము తక్కువైతే చాలామందికి ఇలా ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు. రేపే రక్తం పరీక్ష చేయించుకో. మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, నువ్వొక్కదానివే కాదు. మట్టితో నులిపురుగుల గుడ్లు లోపలికి పోతాయి, అవి ఉన్న రక్తాన్నీ తాగేస్తాయి. నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు వేసే నులిపురుగుల మాత్ర వేయించుకున్నావో లేదో మీ ఏఎన్ఎంని అడుగు. బియ్యం గుర్తొచ్చినప్పుడు వేయించిన శనగలు నోట్లో వేసుకో. ఇనుము మాత్ర పడ్డాక రెండు మూడు వారాల్లో ఆ కోరిక దానంతటదే పోవడం చూశాను.

ఇనుము మాత్ర టీతో వేసుకుంటే వృథా. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా వృథా. రెండింటికీ కనీసం రెండు గంటల తేడా. నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకో. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడి మానొద్దు.

బొబ్బిలి_వీణ
బుధవారం, ఉదయం 9:10

మామిడి కాలం వస్తోంది కదా, కార్బైడ్ మాట కూడా ఎవరైనా చెప్పండి. సువర్ణరేఖ అంటే నాకు ప్రాణం.

కోట_జంక్షన్
బుధవారం, మధ్యాహ్నం 12:30

కార్బైడ్‌తో మగ్గేయడం చట్టప్రకారం నిషిద్ధం, అయినా వేస్తారు. పైకి ఒకే రంగులో పసుపుపచ్చగా మెరుస్తూ, లోపల టెంక దగ్గర పుల్లగా ఉంటే అనుమానించండి. గట్టికాయలు కొని బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో మీరే మగ్గేసుకోండి. తినేముందు అరగంట నీళ్ళలో నానబెట్టి, కడిగి, తొక్క తీసేయండి. కాఫీ తాగేవాళ్ళు కూడా ఒకసారి లెక్క చూసుకోండి, కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు వంద, టీలో డెబ్భై అయిదు.

నాగావళి_ఒడ్డు
శనివారం, రాత్రి 9:30

ఆలస్యంగా వస్తున్నాను, క్షమించండి. ఆగలేక గురువారమే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి పరీక్షలన్నీ చేయించుకున్నాను. స్కానింగులో బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. బొప్పాయి సంగతి చెబితే అక్కడి డాక్టరు నవ్వి, రక్తం రిపోర్టు చూసి నవ్వడం ఆపేశారు. హిమోగ్లోబిన్ 9.4.

ఇన్నాళ్ళూ నేను బొప్పాయికి ఏడుస్తున్నాను. టిఫిను కాగానే టీ తాగుతూ ఆ టీతోనే అన్ని మాత్రలూ ఒకేసారి మింగుతున్నాను. పోయిన నెల నుంచి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, కడుపుతో ఉంటే ఇంతేలే అనుకున్నాను.

మొత్తం మీ మాటలన్నీ అత్తగారికి చదివి వినిపించాను. పీతల దగ్గర ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. నీళ్ళు మాత్రం పొద్దున్నే ఆవిడే కాచి సీసాలో పోసి బ్యాగు పక్కన పెడుతున్నారు. పెరట్లో బొప్పాయి చెట్టు ఉంది, కొట్టించేస్తానన్నారు. మగ్గిన పళ్ళు తినొచ్చు కదా అంటే, "నువ్వు కనీదాకా దానికేసి సూడకు" అన్నారు.

గరివిడి_సిస్టర్
శనివారం, రాత్రి 9:52

9.4 అంటే మధ్యస్థ రక్తహీనత, ఇప్పుడే తెలిసింది కాబట్టి టైము ఉంది. డాక్టరు ఎన్ని మాత్రలు రాశారో అన్నీ వేసుకో, టీ గంట ఆగి తాగు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష. అంగన్‌వాడీలో పేరు రాయించావా? గుడ్లు, పాలు అక్కడ వస్తాయి, మనకెందుకులే అనుకోవద్దు. జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, విరేచనాలు రోజు దాటినా, రక్తం కనబడినా ఇక్కడ రాస్తూ కూర్చోకుండా వెళ్ళిపో.

చీపురుపల్లి_మామ్మ
ఆదివారం, ఉదయం 6:25

నరసన్నపేట వదినగారికి నా మాటగా సెప్పు అమ్మా, నువ్వులు వద్దనొద్దని. నల్ల నువ్వులు శేరుడు కడిగి ఎండబెట్టి, సన్నసెగ మీద సిటపటలాడే దాకా వేయించి, అంతే తూకం బెల్లం వేసి రోట్లో దంచితే నూనె పైకి తేలుతాది, అప్పుడు ఉండ సుట్టాలి. మిక్సీలో వేస్తే ముద్దయిపోతాది. నీకు రోలు ఉన్నాదా?

నాగావళి_ఒడ్డు
ఆదివారం, ఉదయం 8:40

ఉంది మామ్మా, పెరట్లో. ఆ బొప్పాయి చెట్టు కిందే.